లాభం హెడ్డింగులో వేస్తున్నారు సరే, బాలెన్స్ షీట్ ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో బిజినెస్ పేజీ నేను రోజూ చదువుతా. క్వార్టర్ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో ఐతే ముందు అదే తిప్పుతా. కానీ ప్రతి కంపెనీ వార్తా ఒకటే మూసలో ఉంటుందండీ, నికర లాభం ఇంత శాతం పెరిగింది, ఆదాయం ఇంత, పోయినేడాది ఇదే టైమ్‌కి ఇంత, చైర్మన్ గారు హర్షం వ్యక్తం చేసారు, పక్కన ఒక ఫోటో, ఐపోయింది. ఆ కంపెనీకి అప్పు ఎంతుంది, కస్టమర్ల దగ్గర ఎంత ఇరుక్కుంది, గోడౌన్లో ఎంత సరుకు మూలుగుతోంది, వచ్చే 12 నెలల్లో ఎవరెవరికి కట్టాలి, వీటి గురించి ఒక్క ముక్క కనపడదు. మిమ్మల్ని అనడం కూడా తప్పేలెండి, ఇవన్నీ ఉండేది బాలెన్స్ షీట్లో, ఆ కంపెనీలు నడిపేవాళ్ళే ఆ పేజీ తిప్పి చూడట్లేదు, ఇంక పేపర్ వాళ్ళేం వేస్తారు.

ఇది ఊరికే నోటికొచ్చి అంటున్నది కాదు. నేను ముప్పై ఏళ్ళకి పైగా అకౌంట్స్ డిపార్ట్‌మెంట్లోనే చేసి రిటైర్ అయ్యా. ఎన్ని మీటింగుల్లో కూర్చున్నానో లెక్కలేదు. లాభనష్టాల పేజీ మీద రెండు గంటలు వాదించుకునేవాళ్ళు, ప్రయాణ ఖర్చులు ఎందుకు పెరిగాయి, కరెంట్ బిల్లు ఎందుకు పెరిగింది అని గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు, బాలెన్స్ షీట్ దగ్గరికి వచ్చేసరికి అందరూ వాచీలు చూసుకునేవాళ్ళు. పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు, "టాలీ అయిందా?" అని. "అయింది సార్" అనేవాణ్ణి. "ఐతే ఇంకేం" అని సంతకం పెట్టేసేవారు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. టాలీ అవడం ఒక ఘనతా అండీ? ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాస్తాం కాబట్టి రెండు వైపులా ఒకే మొత్తం వస్తుంది, అంతే. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే సన్యాసి తన లెక్కల పుస్తకంలో అచ్చువేయించిన పద్ధతే ఇది, ఆయన కనిపెట్టింది కూడా కాదు, అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని వరసగా రాసి పెట్టాడు, ఐదొందల ఏళ్ళు దాటినా ఇప్పటికీ అదే నడుస్తోంది. అబద్ధం కూడా రెండు చోట్ల రాస్తే చక్కగా టాలీ అవుతుంది. సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్టు చూపించామని 2009 జనవరి 7న ఛైర్మన్ స్వయంగా లెటర్ రాసేవరకూ ఆ బాలెన్స్ షీట్ టాలీ అవుతూనే ఉంది. ఇటలీలో పార్మలాట్ అనే పాల కంపెనీకి బ్యాంకులో 395 కోట్ల యూరోలు ఉన్నాయని చూపించిన కాగితం దొంగదని 2003 డిసెంబర్లో బయటపడింది, జర్మనీలో వైర్‌కార్డ్ అనే పేమెంట్ల కంపెనీలో 190 కోట్ల యూరోలు అసలు లేవేమో అని 2020 జూన్‌లో కంపెనీయే ఒప్పుకుంది, అవీ టాలీ అయినవే.

సరే మోసాల సంగతి వదిలేద్దాం, అవి అరుదు. నేను చెప్పదలుచుకుంది నిజాయితీగా నడిచే కంపెనీల గురించి. అందులో పెద్ద పదవిలో ఉన్నవాళ్ళు బాలెన్స్ షీట్ అంటే ఆడిటర్ కోసం, బ్యాంకు కోసం, టాక్స్ వాళ్ళ కోసం అకౌంట్స్ వాళ్ళు తయారు చేసే కాగితం అనుకుంటారు. కాదండీ. అది వాళ్ళు తీసుకున్న నిర్ణయాలన్నీ కుప్ప పోసిన కాగితం. కస్టమర్‌కి అరవై రోజులు గడువు ఇచ్చింది ఎవరు? వాళ్ళే. ఆ మెషిన్ కొందాం అన్నది ఎవరు? వాళ్ళే. పక్క కంపెనీని ఎక్కువ రేటు పెట్టి కొన్నది, బ్యాంకులో తక్కువ గడువు అప్పు తీసుకున్నది, సరుకు అయిపోతుందేమో అన్న భయంతో డబుల్ ఆర్డర్ పెట్టించింది అన్నీ వాళ్ళే. మేం దాన్ని వరసలో పెట్టి రాసామంతే.

చదవడం కూడా వాళ్ళు భయపడేంత కష్టం కాదు. ఒక వైపు డబ్బు ఎక్కడెక్కడ ఇరుక్కుని ఉంది, రెండో వైపు ఆ డబ్బు ఎవరిది. ఇంతే. ఎవరిది అన్నదాంట్లో మళ్ళీ మూడు రకాలు, ఏడాదిలోపు తిరిగి ఇవ్వాల్సిన వాళ్ళది, తర్వాత ఎప్పుడో ఇవ్వాల్సిన వాళ్ళది, ఎప్పటికీ ఇవ్వక్కర్లేని ఓనర్లది. ఈ ఏడాది అన్న గీత దగ్గరే అసలు కథ ఉంటుంది. ఏడాదిలోపు డబ్బుగా మారే ఆస్తులు కరెంట్ అసెట్స్, ఏడాదిలోపు కట్టాల్సినవి కరెంట్ లయబిలిటీస్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే కరెంట్ రేషియో, అది రెండు ఉంటే భేష్, ఒకటికి తగ్గితే ప్రమాదం అని కామర్స్ స్టూడెంట్లకి నేర్పుతారు. నేనూ అదే నేర్చుకున్నా. ఉద్యోగంలో చేరాక తెలిసింది ఆ రేషియో ఎంత మాయలాడిదో.

కోట్లూ లక్షలూ వద్దు, ఉత్త అంకెలతో చెప్తా. ఒక కంపెనీ పోయినేడాది 1200 అమ్మింది, లాభం 120. ఈ ఏడాది 1500 అమ్మింది, లాభం 150. పాతిక శాతం పెరుగుదల, మీ పేపర్లో ఐతే హెడ్డింగు ఖాయం. ఇప్పుడు బాలెన్స్ షీట్ చూద్దాం. కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు పోయినేడాది చివర్న 150, ఇప్పుడు 310. సరుకు నిల్వ అప్పుడు 110, ఇప్పుడు 190. సప్లయర్లకి మనం కట్టాల్సింది అప్పుడు 100, ఇప్పుడు 130. అంటే బాకీల్లో 160, సరుకులో 80 కొత్తగా ఇరుక్కుంది, అందులో సప్లయర్లు భరించింది 30, మిగతా 210 మనమే పెట్టాలి. సంపాదించిన లాభం 150 మొత్తం అందులోకే పోయింది, ఇంకా 60 తక్కువ. పైగా అదే ఏడాది 90 పెట్టి మెషిన్ కొన్నారు. మెషిన్లు పాతబడినందుకు రాసుకునే తరుగుదల లాంటివి పక్కన పెడితే మొత్తం లోటు 150. అది ఎక్కడ్నుంచి వచ్చింది? ఖాతాలో డబ్బు లేకపోయినా బ్యాంకు వాడుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ నుంచి. 40 ఉన్న ఓడీ 190 అయ్యింది. లాభం 150 వచ్చిన ఏడాదే అప్పు కూడా సరిగ్గా 150 పెరిగిందన్నమాట! లాభాల పేజీ మాత్రమే చూసే పెద్దమనిషికి ఇది జన్మలో తెలీదు, జీతాలు ఎందుకు లేటవుతున్నాయయ్యా అని మా మీద అరుస్తాడు.

ఇప్పుడు కరెంట్ రేషియో వేసి చూడండి. చేతిలో నగదు రెండేళ్ళూ 10 అనుకుంటే పోయినేడాది 270 బై 140, అంటే సుమారు 1.9. ఈ ఏడాది 510 బై 320, సుమారు 1.6. తగ్గింది కానీ చూడ్డానికి బానే ఉంది, ఎవరూ కంగారుపడరు. ఎందుకు బానే ఉందో తెలుసా, వసూలు కాని బాకీలూ అమ్ముడుపోని సరుకూ కూడా ఆస్తి కిందే లెక్క కాబట్టి. కస్టమర్ ఎంత ఎగ్గొడితే రేషియో అంత అందంగా ఉంటుంది, దాన్ని చెడ్డ బాకీ అని మనం ఒప్పుకునేదాకా. అందుకే రేషియో కన్నా రోజులు లెక్కపెట్టమంటా నేను. 150ని 1200తో భాగించి 365తో గుణిస్తే దాదాపు 46 రోజులు. ఈ ఏడాది 310ని 1500తో అదే చేస్తే 75 రోజులు. మన డబ్బు కస్టమర్ దగ్గర నెలరోజులు ఎక్కువ కూర్చుంటోంది. ఇలా రోజుల్లో చెప్తే మార్కెటింగ్ వాళ్ళకి కూడా అర్థమవుతుంది, రేషియో అంటే మొహం చిట్లిస్తారు గానీ "మీ కస్టమర్లు 75 రోజులకి కడుతున్నారు, మనం సప్లయర్‌కి 45 రోజుల్లో కడుతున్నాం, మధ్యలో నెల రోజులు ఎవరు మోస్తారు?" అంటే నోరు పెగలదు.

నేను పనిచేసిన ఒక చోట, పేరు ఎందుకులెండి, అమ్మకాల టీమ్‌కి బోనస్ బిల్లు వేసిన రోజే లెక్క కట్టేవాళ్ళు. ఇంకేముంది మార్చి నెలాఖరు వచ్చిందంటే లారీల మీద లారీలు బయటికి పోయేవి, అడగని వాడికి కూడా సరుకు తోసేవాళ్ళు, ఏప్రిల్లో సగం వెనక్కొచ్చేది. అకౌంట్స్ వాళ్ళం మొత్తుకుంటే "మీకు బిజినెస్ తెలీదండీ" అనేవాళ్ళు. మూడేళ్ళు మొత్తుకున్నాక బోనస్ ని వసూలైన డబ్బుకి ముడిపెట్టారు, ఆర్నెల్లు తిరక్కుండా బాకీల రోజులు తగ్గాయి. ఎవరికీ కొత్తగా ట్రైనింగ్ ఇవ్వలేదు, కొత్త సాఫ్ట్‌వేర్ కొనలేదు. బాలెన్స్ షీట్లో ఒక గీతకి ఒక మనిషిని బాధ్యుణ్ణి చేసారంతే. బాలెన్స్ షీట్ ని వాడుకోవడం అంటే నా దృష్టిలో ఇదే, ప్రతి గీత పక్కనా ఇది ఎవరిది అని ఒక పేరు రాసుకోవాలి. బాకీలు ఎవరివి, సరుకు నిల్వ ఎవరిది, అడ్వాన్సులు ఎవరివి. చాలా కంపెనీల్లో ఖర్చులకి పేర్లుంటాయి, ఆస్తులకి మాత్రం ఉండవు, అవి అందరివీ కాబట్టి ఎవరివీ కావు.

ఇది తిరగేసి చేసినవాళ్ళూ ఉన్నారు. అమెజాన్ తీసుకోండి, కొనేవాడు ఇవాళే డబ్బు కట్టేస్తాడు, సప్లయర్‌కి వాళ్ళు తర్వాతెప్పుడో కడతారు, మధ్యలో ఆ డబ్బు వాళ్ళ చేతిలోనే ఆడుతుంది, అందుకే బిజినెస్ పెరిగేకొద్దీ వాళ్ళకి నగదు ఇంకా ఎక్కువ చేతికొస్తుంది. మనం పైన చూసిన 1500 కంపెనీకి పెరిగేకొద్దీ అప్పు పెరుగుతుంది. రెండు చోట్లా జరిగింది పెరుగుదలే. అందుకే విస్తరణ ప్లాన్ ముందుకొచ్చినప్పుడు ఎంత లాభం వస్తుంది అని అడిగి ఊరుకోకుండా, ఈ ప్లాన్ అమలైతే వచ్చే ఏడాది చివర్న మన బాలెన్స్ షీట్ ఎలా ఉంటుందో ఇప్పుడే వేసి చూపించమని అడగాలి. నా అనుభవంలో అది అడిగిన పెద్దలు ఇద్దరో ముగ్గురో. అడిగిన రోజు మాకు పండగే, రాత్రి పదింటిదాకా కూర్చుని చేసేవాళ్ళం.

తర్వాత గడువుల సంగతి. ఎంత అప్పుంది అన్నదానికన్నా ఎప్పుడు కట్టాలి అన్నదే ప్రాణం తీస్తుంది. ఇరవయ్యేళ్ళు పనికొచ్చే ఫ్యాక్టరీని ఏడాది అప్పుతో కడితే ప్రతి ఏడాదీ బ్యాంకు గుమ్మం ఎక్కి రెన్యువల్ చేయించుకోవాలి, ఏదో ఒక ఏడాది వాళ్ళు కాదంటారు. ఇది చిన్నవాళ్ళు చేసే తప్పు అనుకోకండి. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ సంగతి చూడండి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్లని దీర్ఘకాలం బాండ్లలో పెట్టింది, వడ్డీ రేట్లు పెరిగి ఆ బాండ్ల విలువ పడిపోయింది. 2022 డిసెంబరు చివరి బాలెన్స్ షీట్లోనే గడువు తీరేదాకా ఉంచుకుంటామన్న బాండ్లు పుస్తకాల్లో దాదాపు 9,100 కోట్ల డాలర్లు, మార్కెట్ విలువ దాదాపు 7,600 కోట్ల డాలర్లు అని అదే వరసలో రాసుంది. తేడా 1,500 కోట్లు, ఓనర్ల సొమ్ము మొత్తం కలిపితే 1,600 కోట్లు. అంటే దాదాపు మొత్తం ఊడ్చుకుపోయింది అని తెలిసిపోతోంది, కళ్ళున్నవాడికి. 2023 మార్చి 9 ఒక్కరోజే డిపాజిటర్లు 4,200 కోట్ల డాలర్లు లాగేసారు, మర్నాడు మూతపడింది. దాచిపెట్టిందేమీ లేదు, చదివినవాళ్ళు తక్కువ.

దాచిపెట్టే కళ కూడా వేరే ఉందనుకోండి. బాలెన్స్ షీట్ ఒక్క రోజుది, మార్చి 31 అంటే మార్చి 31. ఆ ఒక్కరోజుకి ఇల్లు సర్దినట్టు సర్దేయొచ్చు. ముందురోజు కొంత అప్పు కట్టేసి మర్నాడు మళ్ళీ తీసుకుంటారు, సప్లయర్ల పేమెంట్లు వారం ఆపి నగదు నిండుగా చూపిస్తారు. లేమన్ బ్రదర్స్ అనే అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఇదే పని పెద్ద ఎత్తున చేసింది, రెపో 105 అని ఒక పద్ధతితో క్వార్టర్ చివర్న సుమారు 5,000 కోట్ల డాలర్ల ఆస్తుల్ని కొన్ని రోజులు పుస్తకాల్లోంచి బయటికి పంపి అప్పు తక్కువున్నట్టు చూపించిందని 2010 మార్చిలో వచ్చిన దివాలా విచారణ రిపోర్టులో ఉంది, అప్పటికే కంపెనీ కూలి ఏడాదిన్నర. కంపెనీ లోపలున్న పెద్దలకి ఈ మాయ చూపించక్కర్లేదు కదా, వాళ్ళు నెలలో ఏ రోజుదైనా అడగొచ్చు. నేనైతే నెల మధ్యలో పదిహేనో తారీకుది అడగమంటా. ఏడాది మొత్తంలో ఓడీ ఎక్కువలో ఎక్కువ ఎంతకి వెళ్ళింది అని అడగమంటా. ఆ ఒక్క అంకె చాలు నిజం కక్కడానికి.

ఆస్తుల వైపు ఇంకో దొంగ ఉన్నాడు, గుడ్‌విల్. పేరు బాగుంది కదా. ఒక కంపెనీని దాని నికర ఆస్తుల విలువకన్నా ఎక్కువ పెట్టి కొంటే ఆ ఎక్కువ మొత్తాన్ని గుడ్‌విల్ అని రాస్తారు, అంటే మనం కట్టిన అదనపు రేటు తప్ప తాకి చూడ్డానికి ఏమీ ఉండదు. అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్, మీడియా కంపెనీ టైమ్ వార్నర్ కలిసాక 2002లో ఆ కంపెనీ చూపించిన నష్టం దాదాపు 9,900 కోట్ల డాలర్లు, అందులో మెజారిటీ ఈ గుడ్‌విల్ కొట్టేయడం వల్లే. బ్రిటన్‌లో కారిలియన్ అని పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీ, 2016 లెక్కల్లో దాని గుడ్‌విల్ 157 కోట్ల పౌండ్లు, ఓనర్ల మొత్తం నికర సొమ్ము అందులో సగం కూడా లేదు. గుడ్‌విల్ తీసేస్తే లోపల బొక్క కనిపిస్తోంది, ఐనా డివిడెండ్లు పంచుతూనే వచ్చారు. సప్లయర్లకి 120 రోజుల గడువు పెట్టి, ముందే కావాలంటే బ్యాంకు దగ్గర కొంత కోత పెట్టుకుని తీసుకోండి అని ఒక ఏర్పాటు చేసారు, అలా బ్యాంకుకి కట్టాల్సింది అప్పుల వరసలో కాకుండా ఇతర చెల్లింపుల్లో కూర్చుంది. 2018 జనవరి 15న లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి మూసేయడానికి పోయింది. అందుకే ఇతరములు అనే గీత పెద్దదైతే అక్కడ ఆగి అడగాలి, నా సర్వీసులో "ఇతరములు" కింద పెట్టనిదంటూ లేదు, నేనే పెట్టా చాలాసార్లు, పైవాళ్ళు పెట్టమంటే.

ఇవన్నీ చూసి ప్రతి అంకెనీ అనుమానించక్కర్లేదు, అలా ఐతే పిచ్చెక్కుతుంది. కొన్నిసార్లు భయపెట్టే అంకె వెనక ఏమీ ఉండదు. మెక్‌డొనాల్డ్స్ కి 2016 చివర్నుంచి ఓనర్ల సొమ్ము మైనస్‌లో ఉంది, అంటే ఆస్తులకన్నా బాకీలు ఎక్కువ. దివాలా కాదు, సొంత షేర్లు తిరిగి కొనడానికి భారీగా డబ్బు పంచేసారు, వ్యాపారం నుంచి నగదు క్రమంగా వస్తుంది కాబట్టి నడుస్తోంది. అదే మైనస్ రేపు ఎలా గడుస్తుందో తెలీని కంపెనీకి ఉంటే చావుకేక. ఒక్క ఏడాది ఒక్క కంపెనీ బాలెన్స్ షీట్ చూసి తీర్పు చెప్పడం అందుకే కుదరదు. ఐదేళ్ళవి పక్కపక్కన పెట్టాలి, అదే వ్యాపారంలో ఉన్న ఇంకో రెండు కంపెనీలవి కూడా పెట్టాలి, అప్పుడు ఏ గీత వంకరగా పోతోందో చిన్నపిల్లాడికైనా కనపడుతుంది.

కొన్ని విలువలు అందులో అసలు ఉండవు కూడా. మీ మనుషులు లేరు, వాళ్ళ నైపుణ్యం లేదు. సొంతంగా పెంచుకున్న బ్రాండ్ కి విలువ రాయరు, అదే బ్రాండ్ ఇంకోడి దగ్గర కొంటే రాస్తారు, ఈ వింత నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. ఎప్పుడో కొన్న స్థలం చాలా చోట్ల పాత కొనుగోలు ధరకే ఉంటుంది. లీజులు కూడా పెద్దగా కనిపించేవి కావు, షోరూములూ విమానాలూ అన్నీ అద్దెకి తీసుకుని అప్పుల్లేని కంపెనీ అని చెప్పుకునేవాళ్ళు, 2019 జనవరి 1 నుంచి ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ రూలు వచ్చాక చాలామటుకు పుస్తకాల్లోకి ఎక్కాయి, పాత ఏడాదితో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. కోర్టు కేసులు, వేరే వాళ్ళ అప్పుకి ఇచ్చిన గ్యారంటీలు ఐతే బాలెన్స్ షీట్ వెనక ఇచ్చే నోట్స్‌లో ఉంటాయి, సన్న అక్షరాల్లో. పెద్దపెద్ద కంపెనీల చావులు ఆ సన్న అక్షరాల్లోనే రాసి ఉన్నాయండీ. గ్రూపు కంపెనీలకిచ్చిన అప్పులు, డైరెక్టర్ల బంధువుల సంస్థలతో లావాదేవీలు, అన్నీ అక్కడే. నేను కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్పేవాణ్ణి, యాన్యువల్ రిపోర్ట్ వెనకనుంచి చదవండ్రా అని.

నగదు గీత గురించి ఒక చిట్కా, సత్యం, వైర్‌కార్డ్ తర్వాత అందరూ తెలుసుకోవాల్సింది. కంపెనీకి బ్యాంకులో బోలెడంత డబ్బుంటే దానిమీద వడ్డీ రావాలి కదా. వచ్చిన వడ్డీని ఏడాది సగటు నిల్వతో భాగించండి, మార్కెట్లో డిపాజిట్ రేటుకి దగ్గరగా లేకపోతే ఎక్కడో తేడా ఉంది. ఇంత డబ్బు పెట్టుకుని మళ్ళీ అధిక వడ్డీకి అప్పులెందుకు తెస్తున్నారు అని కూడా అడగాలి. దీనికి సీఏ చదవక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు.

ఇంక పెట్టుబడి మీద రాబడి గొప్పగా చెప్పుకునేవాళ్ళ గురించి. మా కంపెనీ ఓనర్ల సొమ్ము మీద 20 శాతం సంపాదించింది అంటారు. ఎలా అని అడగండి. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో 1910ల్లో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే ఆయన మొదలుపెట్టిన లెక్క ఒకటుంది, రాబడిని ముక్కలు చేసి చూడటం. ఇప్పుడు మూడు ముక్కలుగా వాడతారు, అమ్మకాల మీద లాభం ఎంత, ఆస్తుల్ని ఎన్నిసార్లు తిప్పారు, సొంత సొమ్ముకి ఎన్ని రెట్ల ఆస్తులు మోస్తున్నారు. ఒకడికి మార్జిన్ 10 శాతం, ఆస్తులు ఒకసారి తిరిగాయి, సొంత సొమ్ముకి రెండింతల ఆస్తులు, గుణిస్తే 20. ఇంకోడికి మార్జిన్ 4 శాతమే, ఆస్తులు ఒకసారే తిరిగాయి, కానీ అప్పు తెచ్చి ఐదింతల ఆస్తులు మోస్తున్నాడు, గుణిస్తే అదీ 20. పేపర్లో ఇద్దరిదీ 20 శాతమే. మొదటివాడు నిద్రపోతాడు, రెండోవాడు వడ్డీ రేట్ల వార్తలు చూస్తూ కూర్చుంటాడు. 1968లో ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ అనే ప్రొఫెసర్ ఫ్యాక్టరీ కంపెనీలు దివాలా తీస్తాయా లేదా అని ముందే పసిగట్టడానికి ఐదు నిష్పత్తులు కలిపి ఒక స్కోర్ తయారు చేసాడు, 1.81 కి తగ్గితే డేంజర్, 2.99 దాటితే ఫరవాలేదు అని. ఆ ఐదింట్లో నాలుగింటికి కింద మొత్తం ఆస్తులు, ఒకదానికి కింద మొత్తం బాకీలు, అంటే ఐదింటికీ కింద ఉండే అంకె బాలెన్స్ షీట్‌దే. అమ్మకాలూ లాభమూ వాటి మీద కూర్చున్నవే.

లెటర్ చాలా పెద్దదైపోయింది, ఎడిట్ చేసుకోండి, ఏం అనుకోను. నేను అడిగేది ఒకటే. ఈసారి రిజల్ట్స్ వార్తలు వేసేటప్పుడు లాభం పక్కన ఇంకో నాలుగు అంకెలు వెయ్యండి, మొత్తం అప్పు, అందులో ఏడాదిలో కట్టాల్సింది, కస్టమర్ల బాకీ ఎన్ని రోజులది, సరుకు నిల్వ ఎన్ని రోజులది. పోయినేడాదివి కూడా పక్కనే. కంపెనీలు బాలెన్స్ షీట్ ప్రతి క్వార్టర్‌కీ బయటపెట్టకపోతే ఇచ్చినప్పుడే వెయ్యండి, ఎక్కడ నుంచి తీసుకోవాలో తెలీకపోతే మీ రిపోర్టర్ కి నేను కూర్చుని చూపిస్తా, రిటైర్ అయ్యాక నాకు పనేముంది గనక. ఆ చైర్మన్ గారి ఫోటో కొంచెం చిన్నది చేస్తే చోటు సరిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంట్స్ మేనేజర్